ఏడో యంత్రం మూసిన కళ్ళు

బ్లాంకా మెర్హౌతోవా కోపం చూడాలంటే ఎక్కువ కష్టపడక్కర్లేదు. ఆవిడ కంప్యూటర్లో ఒక పాత ఫైలు తెరిచి, అందులో ఏమీ మార్చకుండా, ఊరికే ‘సేవ్’ నొక్కితే చాలు. మా వర్క్‌షాపులో కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ ఆ తప్పు ఒకసారి చేసి, ఆవిడ చేత చీవాట్లు తిన్నవాళ్ళే. నేనూ తిన్నాను.

“ఏమీ మార్చలేదక్కా, ఊరికే చూశానంతే,” అన్నాను.

“నువ్వు మార్చలేదే తల్లీ, అది మార్చింది. పాత ఫైలుని కొత్త వెర్షన్‌తో తెరిచి సేవ్ కొడితే, అదంతా తన పద్ధతిలో తిరగరాసుకుని కూచుంటుంది. ఇంక పాత వెర్షన్‌కి అది చదవడం రాదు. ప్రాగ్‌లో రెండేళ్ళుండి వచ్చి, మన యాస అర్థం కానట్టు మొహం పెడతారు చూడు కొందరు, అలాగ.”

అంత కోపంలోనూ నవ్వించేది. నన్ను ‘యార్మిలా’ అని పూర్తి పేరుతో పిలిచిందంటే మాత్రం కోపం నిజమైనదని లెక్క. మామూలప్పుడు ‘యార్కా’నే.

ఆవిడది మా ఊరు యిహ్లవానే. మా వర్క్‌షాపు ఉన్నది నది ఒడ్డున ఉన్న పాత బట్టల మిల్లులో. బ్లాంకా పడుచు పిల్లగా ఉన్నప్పుడు అదే హాల్లో పనిచేసింది. మగ్గం మీద పూలు, తీగలు పడాలంటే అట్టముక్కలకి రంధ్రాలు కొట్టి, దండలా కుట్టి మగ్గానికి వేసేవాళ్ళట. ఆ రంధ్రాలు కొట్టే పని ఆవిడది. ఒకసారి ఇటలీ నుంచి కొత్త మగ్గాలు వస్తే, పాత అట్టలు వాటికి పట్టలేదట. ఏళ్ళ తరబడి కొట్టిన పూలన్నీ ఒక్క వారంలో చెత్తలోకి పోయాయి. “చెత్తబండి మీద గులాబీలు వెళ్ళిపోయాయే, నాకు తప్ప ఎవరికీ కనబడలేదు,” అనేది. మిల్లు మూతపడ్డాక బడి వంటశాలలో బంగాళాదుంప సూప్ వండింది, లైబ్రరీలో పుస్తకాలు సర్దింది. తర్వాత ఎప్పుడో దలిబోర్ అనే కుర్ర ఇంజనీరు ఆ హాలు అద్దెకి తీసుకుని ప్లాస్టిక్కు వస్తువులు చేసే ప్రింటర్లు పెడితే, మళ్ళీ ఆ గుమ్మమే ఎక్కింది. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు జోరాతో ఉండేది. ఎవరైనా అడిగితే, “అడిగినవాడు నాకు నచ్చలేదు, నచ్చినవాడు నన్నడగలేదు,” అని ఊరుకునేది.

మేం చేసేవి చూపులేనివాళ్ళు తడిమి తెలుసుకునే వస్తువులు. రైల్వే స్టేషన్ల మ్యాపులు, బడిపిల్లలకి జంతువులు, చర్చి గోపురాలు. వాటితోబాటు ముఖాలు. ఫొటోలు తెచ్చిస్తే, లేదా మనిషే వచ్చి కెమెరాల మధ్య కూర్చుంటే, ఆ ముఖాన్ని కంప్యూటర్లో కట్టి, ప్లాస్టిక్కులో ప్రింట్ తీసి ఇస్తాం. ప్రింటర్ ముక్కులోంచి కరిగిన ప్లాస్టిక్కు సన్నటి దారంలా దిగుతుంది. పొర మీద పొర పడుతూ ముందు గడ్డం, పెదవులు, తర్వాత ముక్కు, కళ్ళు, నుదురు లేస్తాయి. ఆ వచ్చిన ముఖాన్ని శుభ్రం చేసి, అంచులు అరగదీసి, వేలికి గరుకు తగలకుండా నునుపు చేయడం నా పని.

ముఖాల పని మొదలుపెట్టింది హినెక్. అతను అంతకుముందు కట్టుడు పళ్ళు చేసేవాడు. చిన్నప్పుడు మంచుబండి మీంచి పడి కుడి చేతి బొటనవేలు విరిగితే, అది వంకరగానే అతుక్కుంది. ప్రింటర్లకి తెలివి ఉండదు కదా. ఎంత వేడి, ఎంత వేగం, మలుపులో ఎంత నెమ్మదించాలి, ఎక్కడ ఆగాలి, ఇవన్నీ ఒక సెట్టింగుల ఫైలులో రాసిపెట్టాలి. ఏ ప్రింటర్ ఫైలు దానిదే. ఒకదానిది ఇంకోదానికి పెడితే, చెప్పులు మారినట్టు, నడుస్తుంది గాని కుంటుతుంది. మూడో ప్రింటర్ ఫైలు మొదటినుంచీ బ్లాంకా తనే రాసింది. ఏడోది మాత్రం హినెక్ సొంతం. దాని ఫైలుని ఏళ్ళ తరబడి దిద్దుతూనే ఉన్నాడు, ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. నునుపైన ముఖాలన్నీ దాని మీదే తీసేవాడు.

అతనికో అలవాటుండేది. చనిపోయినవాళ్ళ ముఖం ప్రింటర్ మీంచి తీసేటప్పుడు, అది ఇంకా గోరువెచ్చగా ఉండగా, రెండు కనురెప్పల మీద ఆ వంకర బొటనవేలితో పైనుంచి కిందకి ఒకసారి రాసేవాడు. “సరే, పడుకో ఇంక,” అనేవాడు మెల్లగా. బతికున్నవాళ్ళ ముఖానికి అలా చేసేవాడు కాదు. చేత్తో రాసినంత మాత్రాన ప్లాస్టిక్కు నొక్కుకుపోదు. ఆ వేలి జాడ ఏమీ మిగిలేది కాదు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం హినెక్ ట్రాలీబస్సులో ఇంటికి వెళ్తూ, కిటికీకి తల ఆనించి కూర్చుని, ఆఖరి స్టాపు వచ్చినా లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

ఆ తర్వాత ఫైళ్ళన్నీ బ్లాంకా చూసుకుంది. ఎండాకాలంలో ఏడో ప్రింటర్ బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు తెప్పించాం. అది కొత్త వెర్షన్ సాఫ్ట్‌వేర్‌తోనే మాట్లాడుతుంది, పాతదాన్ని దగ్గరకి రానివ్వదు. హినెక్ ఫైలేమో పాత వెర్షన్‌ది.

“ఆ ఫైలు పక్కన పడేసి కొత్తది రాయండి బ్లాంకా గారూ,” అన్నాడు దలిబోర్.

“కొత్తది రాస్తే ఆ నునుపు రాదు అబ్బాయ్. దీన్నే మార్చి చూస్తాను.”

కాపీ తీసుకుని, ఆ కాపీని కొత్త వెర్షన్‌తో తెరిచింది. కొత్తదానికి తెలియని వరుసలు వచ్చినప్పుడల్లా పసుపు రంగులో ఒక హెచ్చరిక. పాతది వేగాన్ని నూటికి ఇంత అని లెక్కవేస్తే, కొత్తది సెకనుకి ఇన్ని మిల్లీమీటర్లు అంటుంది. పాతదాంట్లో ఒక్క పేరుతో ఉన్నది కొత్తదాంట్లో రెండుగా చీలింది. ఒక్కో వరుస చేత్తో మార్చుకుంటూ వచ్చింది. ఆ వేసవంతా ఆవిడ టిఫిన్ డబ్బాలోని పంది మాంసం కట్లెట్లు మా అందరి కడుపుల్లోకే పోయాయి. ఆవిడకి తినే ధ్యాసే లేదు.

ఆగస్టు చివరికి ఏడో ప్రింటర్ మళ్ళీ నడిచింది. ముఖాలు మునుపటిలాగే పాలమీగడలా వచ్చాయి. దలిబోర్ సంబరపడి బీరు సీసాలు తెచ్చాడు.

సెప్టెంబరులో ఒక ఉదయం, ఒక ముసలాయన ముఖం నునుపు చేస్తుంటే నా వేలికి ఏదో తగిలింది. రెండు కనురెప్పల మీదా చిన్న నొక్కు. కంటితో చూస్తే కనబడదు, వేలికే తెలుస్తుంది. కాస్త ఏటవాలుగా, పైనుంచి కిందకి ఉంది.

“అక్కా, రెప్పల దగ్గర పొర జారినట్టుంది,” అని తీసుకెళ్ళాను.

తడిమి చూసింది. కంప్యూటర్లో ముఖం చూసింది. అక్కడ నొక్కు లేదు. పొరలుగా కోసిన బొమ్మ చూసింది, అందులోనూ లేదు. పైపొరని వేడి ముక్కుతో ఇస్త్రీలాగా చదును చేసే సెట్టింగు ఒకటుంది, అనుమానం దాని మీదికి పోయింది. అది ఆపేసి మళ్ళీ తీసింది. నొక్కు అక్కడే ఉంది. పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివింది. రెండు చోట్ల తప్పులు దొరికాయి. దిద్దితే ముక్కు అంచు ఇంకా బాగా వచ్చింది గానీ, నొక్కు పోలేదు. ఆ ఫైలుని పట్టుకెళ్ళి మూడో ప్రింటర్‌కి పెట్టింది. ముఖం కుంటికుంటి వచ్చింది, నొక్కు మాత్రం దానితోబాటే వచ్చింది. మూడోదాని సొంత ఫైలుతో తీస్తే లేదు.

“అంటే ఫైల్లోనే ఉంది,” అన్నాడు దలిబోర్.

“ఫైల్లో లేదు. మూడుసార్లు చదివాను. నువ్వూ చదువు.”

అతనూ చదివాడు. పనిమంతుడే, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన వాళ్ళకి కూడా రాసి అడిగాడు. మీ ఫైలులో అలాంటిదేమీ లేదని జవాబు వచ్చింది.

కొన్నాళ్ళకి ఇంకో సంగతి తట్టింది నాకు. పదవీ విరమణ చేస్తున్న టీచరమ్మ ముఖానికి నొక్కు లేదు. పసిపిల్ల ముఖానికీ లేదు. పొలంలో ట్రాక్టర్ కింద పడి పోయిన మనిషి ముఖానికి ఉంది. పెల్హ్రిమోవ్ నుంచి ఫొటోలు వచ్చిన ముసలమ్మ ముఖానికి ఉంది, ఆవిడ ఈస్టరుకే పోయింది. చేతిలో ఉన్న గరుకు కాగితం అలాగే పట్టుకుని బ్లాంకా దగ్గరికి వెళ్ళాను.

“అక్కా, నొక్కులు వచ్చినవన్నీ...”

“తెలుసు,” అంది. తల తిప్పలేదు.

“ఎప్పటినుంచి తెలుసు?”

“నీ బొటనవేలు అందులో పెట్టి చూశావా?”

చూశాను. నా వేలు ఇమడలేదు. ఆవిడదీ ఇమడలేదట. ఆ నొక్కు వంకర బొటనవేలికి సరిపోయేది. ఇద్దరికీ తెలిసిన వేలే అది. హాల్లో ప్రింటర్లన్నీ గుయ్యిమంటూ తిరుగుతున్నాయి. ఏడోది కూడా తిరుగుతోంది, అప్పుడప్పుడూ ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదులుతూ. ఆ ఆగడం అంతకుముందూ ఉంది. ఆ రోజునుంచి మాత్రం అది ఆగినప్పుడల్లా నేను తలెత్తి చూసేదాన్ని.

“కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందక్కా, ఫొటోలో మనిషి ఉన్నాడో పోయాడో?”

“తెలియదు. ఆ సంగతి మనం ఎక్కడా రాయం కూడా.”

దలిబోర్‌కి చెబితే నవ్వాడు. “దుషిచ్కి దగ్గర పడుతోందిగా, మీ ఇద్దరికీ గాలి సోకింది,” అన్నాడు. దుషిచ్కి అంటే నవంబరులో సమాధుల మీద దీపాలు పెట్టే పండగ. ఆ ముందు రోజుల్లో మాకు పోయినవాళ్ళ ముఖాల పనే ఎక్కువ. నవ్వాడు గానీ, ఆ రోజునుంచి ఏడో ప్రింటర్‌కి వీపు పెట్టి కూర్చోవడం మానేశాడు.

ఇచ్చిన ముఖాల గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఒకావిడ మాత్రం రెప్పలు తడిమి, “బాగా నిద్రపోతున్నట్టున్నాడు,” అని మెచ్చుకుని వెళ్ళింది.

అప్పుడే ఒతా సంగతి జరిగింది.

అపొలెనా అని పియానోలు శ్రుతి చేసే ఆవిడ ఉంది. పుట్టుగుడ్డి. ఊళ్ళో సగం పియానోలు ఆవిడ చేతి మీదే బతుకుతున్నాయి. ఆవిడ తమ్ముడు ఒతా షుమవా అడవుల్లో ఫారెస్టరుగా చేసేవాడు, ఒంటరి మనిషి. జూలైలో వచ్చి మా కెమెరాల మధ్య కూర్చున్నాడు. బుట్టెడు పుట్టగొడుగులు తెచ్చి, “ఇవి తిని ఎవరైనా పోతే వాళ్ళ ముఖం ఉచితంగా చేయాలి మీరు!” అని పగలబడి నవ్వాడు. వాళ్ళక్కకి క్రిస్మస్‌కి తన ముఖం ఇవ్వాలని అతని కోరిక. “చిన్నప్పుడు తడిమేది. గడ్డం మొలిచాక నేనే తడమనివ్వడం మానేశా, సిగ్గేసి. ఇప్పుడు కావలసినంత సేపు తడుముకోమను,” అన్నాడు.

పనులు ఎక్కువై అతనిది అక్టోబరు ఆఖరికి గాని ప్రింటర్ ఎక్కలేదు. బయట పొగమంచు, కిటికీలోంచి నది కూడా కనబడడం లేదు. ఏడో ప్రింటర్ మీంచి ఆ ముఖం నేనే తీశాను. ఇంకా వెచ్చగా ఉంది. రెప్పల మీద వేలు పెట్టాను, నొక్కు తగిలింది.

“అక్కా!” అని నేను అరిచేసరికి, బ్లాంకా కుర్చీ వెనక్కి తోసుకుని పరిగెత్తుకొచ్చింది. తడిమి చూసి, ముఖాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది.

“మళ్ళీ తియ్యి,” అంది దలిబోర్‌తో. అతను మళ్ళీ పెట్టాడు. రెండోదీ అలాగే వచ్చింది. మూడో ప్రింటర్ మీద, దాని ఫైలుతో తీస్తే మామూలుగా వచ్చింది, రెప్పల మీద నొక్కు లేకుండా, నవ్వబోతున్నట్టు.

బ్లాంకా ఒతాకి ఫోన్ చేసింది. మోగుతోంది, తీయడం లేదు.

“అడవిలో సిగ్నల్ ఉండదు బ్లాంకా గారూ,” అన్నాడు దలిబోర్. గొంతులో నమ్మకం లేదు.

“సిగ్నల్ లేకపోతే మోగదు అబ్బాయ్.”

ఒతా ఉండే ఊరి ఆఫీసు నంబరు వెతికి చేసింది. ఏమని చెప్పాలి? “ఫారెస్టరు గారి ముఖం తయారైంది, ఆయన ఫోన్ తీయడం లేదు, ఎవరైనా వెళ్ళి చెబుతారా, కాస్త తొందరగా,” అంది. అవతలివాళ్ళు విసుక్కున్నారు. బ్లాంకా ఫోన్ పెట్టకుండా మళ్ళీ మళ్ళీ అడిగింది. చివరికి పక్కింటి హవ్రానెక్ గారిని పంపుతామన్నారు.

మధ్యాహ్నానికి హవ్రానెక్ గారే చేశారు. ఒతా కట్టెల కొట్టులో పడి ఉన్నాడు. రెండు మూడు రోజులై ఉంటుందని డాక్టరు అన్నాడట. “కళ్ళు తెరిచే ఉన్నాయండీ పాపం,” అన్నారు హవ్రానెక్ గారు. “మూద్దామంటే మూతపడలేదు.”

బ్లాంకా ఫోన్ పెట్టేసి, కోటు వేసుకుని, మళ్ళీ విప్పి, మళ్ళీ వేసుకుంది. ఆవిడని అలా చూడడం నాకు అదే మొదలు.

అంత్యక్రియలయ్యాక అపొలెనా తనే వచ్చింది, తెల్ల కర్రతో నేల తడుముకుంటూ. కుర్చీలో కూర్చుని, చేతి తొడుగులు తీసి, “వాణ్ణి ఇవ్వండి,” అంది.

బ్లాంకా ముందు మూడో ప్రింటర్ మీద తీసిన ముఖం ఇచ్చింది. అపొలెనా చాలాసేపు తడిమింది. బుగ్గలు, గడ్డం, చెవులు. నవ్వింది, ఏడ్చింది. తర్వాత తల ఎత్తి అడిగింది.

“వాడి ఇంటికి మనిషిని పంపించింది మీరేనటగా. మీకెలా తెలిసింది?”

నేను బ్లాంకా వైపు చూశాను. ఏదో ఒక అబద్ధం చెప్పి పంపేస్తుందనుకున్నాను. ఆవిడ లేచి వెళ్ళి, ఏడోదాని మీద తీసిన మొదటి ముఖం తెచ్చి, అపొలెనా చేతుల్లో పెట్టింది.

“రెప్పలు చూడండి,” అంది.

అపొలెనా వేళ్ళు నుదుటి మీంచి కిందకి దిగి, అక్కడ ఆగాయి. బ్లాంకా అప్పుడు చెప్పింది హినెక్ గురించి, బొటనవేలి గురించి, బతికున్నవాళ్ళకి రాని నొక్కుల గురించి. తను ఫైలు మూడుసార్లు చదివిందనీ, అందులో ఏమీ లేదనీ కూడా చెప్పింది.

“ఈ వేలి మనిషిని నేనెరగను,” అంది అపొలెనా. “మా వాడు కొట్టులో ఒక్కడే పోయాడని, కళ్ళు మూసే దిక్కయినా లేకపోయిందని పది రోజులుగా కుమిలిపోతున్నాను. ఎవరో మూశారన్నమాట.” ఆ ముఖాన్ని శాలువాలో చుట్టుకుంది. “ఇందాకటిది మీరుంచుకోండి. నాకు ఇదే కావాలి.”

ఆవిడ వెళ్ళాక దలిబోర్ అన్నాడు, “చూశారా, ఆవిడకి ఎంత ఊరట కలిగిందో! ఈ ఫైలు ఉంచుదాం.”

“చెరిపేస్తున్నాను,” అంది బ్లాంకా.

“అదేంటండీ! హినెక్ చేతి పని అది!”

“హినెక్ చేతి పనే. అందుకే. ఆ చెయ్యి, పోయినవాళ్ళ దగ్గరే ఆగితే నాకేం బాధ లేదు. మనం బతికున్నవాళ్ళ ముఖాలు కూడా చేస్తున్నాం. రేపు ఒక తల్లి తన బిడ్డ ముఖం చేయించుకుంటుంది. అది ప్రింటర్ మీంచి దిగేటప్పుడు యార్కా చెయ్యి ఎలా వెనకాడుతుందో నువ్వు చూడలేదూ? రోజూ ఇలా భయపడుతూ పనిచేస్తామా?”

నిజమే. ఆ పది రోజుల్లోనూ ప్రతి ముఖాన్నీ తీసే ముందు నేను కళ్ళు మూసుకుంటున్నాను.

పాత ఫైలు, మార్చిన ఫైలు, కాపీలు అన్నీ చెరిపేసింది. ఏడో ప్రింటర్‌కి మొదటి వరుస నుంచి కొత్తగా రాయడం మొదలుపెట్టింది. హినెక్ రాసిన ఒక్క అంకె కూడా తీసుకోలేదు. డిసెంబరు దాకా పట్టింది. ముఖాలు బాగానే వచ్చాయి. మునుపటి నునుపు మాత్రం రాలేదు, ఆ మేరకి నాకు పని పెరిగింది. నొక్కులు ఆగిపోయాయి. పోయినవాళ్ళ ముఖాల రెప్పలు కూడా నున్నగానే వచ్చాయి. ఒకటి రెండు కాదు, ఆ చలికాలమంతా.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. బ్లాంకా ఇంకొన్నేళ్ళు పనిచేసి మానేసింది. అపొలెనాకీ ఆవిడకీ స్నేహం కుదిరింది. అపొలెనా పాడే బృందంలో ఇప్పుడు బ్లాంకా కూడా పాడుతుంది. శ్రుతి నిలవదు. “పియానో అయితే బిగించేదాన్ని, నిన్నేం చేయను!” అని అపొలెనా అందరిముందూ వెక్కిరిస్తుంది. పుట్టగొడుగుల కాలం వస్తే బ్లాంకా చెల్లెలితో అడవికి వెళ్తుంది. ఆరోగ్యంగానే ఉంది. ఏడో ప్రింటర్‌ని దలిబోర్ ఒక బడికి ఇచ్చేశాడు. అక్కడ పిల్లలు దానిమీద బొంగరాలు చేసుకుంటున్నారట.

కానీ నేను చెప్పాలనుకున్నది వ్లాస్తా గురించి.

ఇలాంటి మాట దాగదు కదా. హవ్రానెక్ గారు చెప్పారో, అపొలెనా పాటల బృందంలో ఎవరైనా చెప్పారో, ఫిబ్రవరిలో ఓస్త్రవా నుంచి ఒకావిడ వచ్చింది. చూపు బాగానే ఉంది. పేరు వ్లాస్తా. సంచిలోంచి ఒక కుర్రాడి ఫొటోలు తీసి బల్ల మీద పేర్చింది.

“మా అబ్బాయి రదీమ్. ఓడల్లో పనికి వెళ్ళాడు. తొమ్మిదేళ్ళయింది, కబురు లేదు. మీ దగ్గర ఒక యంత్రం ఉందటగా,” అంది.

దలిబోర్ మెల్లగా లేచి బయటికి వెళ్ళిపోయాడు.

“ఉండేదమ్మా. ఇప్పుడది అలా చేయడం లేదు. దాన్ని నేనే మార్చేశాను,” అంది బ్లాంకా.

“మళ్ళీ మార్చండి.”

“మార్చడానికి ఆ ఫైలు లేదు.”

“నాకు ధైర్యం ఉందండీ. ఏది వచ్చినా తట్టుకుంటాను. తెలియకపోవడం ఒక్కటే తట్టుకోలేకపోతున్నాను.”

“అది చెప్పింది తప్పయితే?” అంది బ్లాంకా. ఆ గొంతు నేను ముందెప్పుడూ వినలేదు. “ఒకసారి నిజమైందని రెండోసారీ అవుతుందా? ఎందుకు చేస్తోందో మాకే తెలియదు. బతికున్న బిడ్డని మీ చేత పూడ్పించమంటారా?”

వ్లాస్తా ఫొటోలు మళ్ళీ వరసగా సర్దింది. నేను టీ ఇచ్చాను, తాగలేదు. “అయినా ముఖం చేయండి,” అంది చివరికి. “చేతిలో పట్టుకోవడానికైనా ఉంటుంది.”

మూడో ప్రింటర్ మీద తీశాం. వచ్చాక నేను చెయ్యి చాచాను, నునుపు చేయడానికి. బ్లాంకా ఇవ్వలేదు. “దీన్ని నేను చేస్తాలే,” అని తన బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, నాకు వీపు పెట్టి కూర్చుని, సాయంత్రం దాకా అరగదీసింది. ఆ రెప్పల మీద ఏముందో నా వేళ్ళకి తెలియనేలేదు. కాగితంలో చుట్టి వ్లాస్తాకి ఇచ్చింది.

బస్సు స్టాపు దాకా నేను తోడు వెళ్ళాను. సన్నగా మంచు పడుతోంది. బెంచీ మీద కూర్చుని ఆవిడ కాగితం విప్పింది. ముఖం ఒళ్ళో పెట్టుకుని, రెప్పల మీద బొటనవేలు పెట్టింది. ఒకటికి పదిసార్లు రాసింది.

“లేదు,” అంది. “లేదు చూడండి, నున్నగా ఉంది! వాడు ఉన్నాడు.”

“అది ఇప్పుడు అలా చెప్పదండీ. బ్లాంకా గారు చెప్పారు కదా...”

“మీ చేతులకి అలవాటు కదమ్మా. మీరూ ఒకసారి చూసి చెప్పండి.” ముఖాన్ని నా వైపు తిప్పి పట్టుకుంది. ఆవిడ కళ్ళు నా నోటి వైపే చూస్తున్నాయి.

నా చేతులకి ఉన్ని తొడుగులున్నాయి. అవి తీయకుండానే రెప్పల మీద చెయ్యి వేశాను. మెత్తటి ఉన్ని తప్ప నాకేమీ తగల్లేదు.

“ఏమీ లేదండీ,” అన్నాను.

బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఆ ముఖాన్ని కోటు లోపల పెట్టుకుని పైదాకా బొత్తాలు వేసుకుంది.